ఫోన్ వల్లే అన్నవాళ్ళ లిస్టు

ఈ పొద్దున చాప మీద కూర్చుని, గోడ పట్టుకోకుండా, మోకాళ్ళ మీద చేతులు ఆనించకుండా లేచాను. మళ్ళీ కూర్చున్నాను. మళ్ళీ లేచాను. ఏడుసార్లు. చంద్ర షిఫ్టుకు పోతూ గడపలో ఆగి, "ఏందే, యోగానా?" అన్నాడు.

కాదు. కసి తీర్చుకుంటున్నా.

నా ఫోన్ నోట్స్‌లో ఒక లిస్టు ఉంది. దాని పేరు "ఫోన్ వల్లే అన్నవాళ్ళు". పదకొండు పేర్ల దాకా పెరిగింది. అయిదు నెలలు నా ఎముకలు నొప్పితో మూలుగుతుంటే, నా మొహం కూడా సరిగా చూడకుండా "ఆ ఫోన్ వల్లే" అని తేల్చేసిన వాళ్ళంతా అందులో ఉన్నారు. ఇది రాస్తున్నది కూడా ఆ ఫోన్లోనే. కోపం చల్లారాక రాయొచ్చు కదా అంది మా అమ్మ. కోపం చల్లారితే నేనసలు రాయను. తొడలు బరువెక్కి, మెట్లెక్కలేక, ఇంట్లో బద్ధకం అనిపించుకుంటున్న వాళ్ళు ఎవరైనా ఉంటే, ఇది మీ కోసం. మిగతావాళ్ళు లిస్టులో మీ పేరుందేమో చూసుకోండి.

జూన్

నేను బెంగళూరులో పెరిగాను. నాయనది పెనుకొండ, మా అవ్వ ఇప్పటికీ అక్కడే. పెళ్ళయ్యాక ధర్మవరం వచ్చాను. నా మొగుడు చంద్ర ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఇంట్లో మామ పట్టుచీరలు నేస్తాడు. అత్త కండెలు చుడుతుంది, అంటే పట్టుదారాన్ని రాట్నం మీద చిన్న చిన్న గొట్టాలకు ఎక్కిస్తుంది. ఆ కండెలు లేకపోతే మగ్గం ఆగిపోతుంది. నేసిన చీరను నేను ఫోన్లో వీడియో తీసి, లైవ్ పెట్టి అమ్ముతాను. ముగ్గురి పనీ ఒకే గదిలో.

ఆ గదికి తూర్పున ఒక కిటికీ ఉంది. ఉంది అంటే, ఉండేది. మేకులతో పలకలు కొట్టేసి, మీద కంబళి వేలాడేశారు. మామ వాళ్ళ నాయన కాలంలో మగ్గం మీదున్న పెళ్ళిచీర మీద రోజూ ఎండ పడి, ఒక పక్క వంకాయ రంగు వెలిసిపోయిందట. కొన్నవాళ్ళు తెచ్చి మొహాన కొట్టారట. అప్పుడు మూసిన కిటికీ. ఎండకు దారం పెళుసెక్కి తెగుతుంది కూడా.

"పట్టుకి చల్లగుండాల, నీడుండాల," అంటాడు మామ.

ఆ గదిలో పట్టుకు ఏ లోటూ లేదు. పొద్దున ట్యూబ్‌లైట్ వేసుకుని కూర్చుంటే పొద్దు దిగాకే బయటికొచ్చేవాళ్ళం. మిద్దె మీదికి పోతే అత్త కిందినుంచి కేకేసేది: "నల్లబడిపోతావే, దిగు!" నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నా, ఆ మాట నాకూ ఇష్టమే. బెంగళూరులోనే క్రీము రాసుకోకుండా, గొడుగు లేకుండా గేటు దాటేదాన్ని కాదు. కెమెరా ముందు మొహం ఉండాలి కదా. లిస్టులో నీ పేరు కూడా రాసుకో అన్నాడు చంద్ర ఒకసారి. రాయలేదు. అది వేరే లిస్టు.

నొప్పి మొదట నడుములో వచ్చింది. తర్వాత తొడల్లోకి దిగింది, పక్కటెముకల్లోకి ఎక్కింది. గుచ్చే నొప్పి కాదు. ఎముకలో ఎవరో కూర్చుని తీరిగ్గా నూరుతున్నట్టుండేది. లైవ్‌లో చీర కొంగు విప్పి చూపిస్తూ తుమ్మితే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. చూసేవాళ్ళు "అక్కా ఏమైంది" అని రాసేవాళ్ళు. ఎవరో తెలియని వాళ్ళు అడిగేవాళ్ళు.

ఇంట్లో అడిగింది అత్త. "ఏమ్మే సహనా, యాడే నొప్పి?"

"అంతా, అత్తా."

"అంతా ఏందే? ఒగ తావు చెప్పు."

"ఒక తావు లేదు."

"ఆ ఫోన్ పట్టుకోని పొద్దస్తమానం వంగి కూసుంటే నొయ్యదా? పక్కన పెట్టు, అదే పోతాది. పేరేమో సహన, ఒగ నొప్పికే ఈది ఈదంతా ఇనపడాల."

ఆమె తిట్టేది నేను ఆమె మొగుడి చీర అమ్ముతున్న ఫోన్‌ని. ఆ మాట నోటిదాకా వచ్చింది. నోట్స్ తెరిచి మొదటి పేరు రాశాను: అత్త.

ఆగస్టు

శ్రావణంలో చీరలకు గిరాకీ ఎక్కువ. రోజుకు రెండు లైవ్‌లు. ఆపాటికి నేను మెట్టు ఎక్కాలంటే చేత్తో మోకాలిని తోసుకోవాలి. నడిస్తే ఒళ్ళు ఇటూ అటూ ఊగేది. చంద్ర వెనకనుంచి వీడియో తీసి, బాతు అరుపు తగిలించి, కింద "ఫోన్ వల్లే" అని రాసి నాకే పంపాడు. మూడో పేరు. నాలుగు రోజులు మాట్లాడలేదు. అతను ఏడుపు బొమ్మలు పంపుతూనే ఉన్నాడు. చివరికి సెలవు పెట్టి హిందూపురం తీసుకెళ్ళాడు. అక్కడ నడుము నొప్పులకు పేరున్న డాక్టరు ఒకాయన ఉన్నాడని ఎవరో చెప్పారు.

ఆ వెయిటింగ్ హాలు నేను మర్చిపోను. ఇరవై మంది ఉంటే పదహారు మంది ఆడవాళ్ళు. ఒక చెవిలో తెలుగు, ఒక చెవిలో కన్నడం. అందరి చేతులూ నడుముల మీదే. ఖాళీ అయిన కుర్చీ పక్కనే నిలబడిన మడకశిర వైపు ఆమె ఒకామె, "నువ్వు కూచో పాపా," అంది.

"వద్దు పెద్దమ్మా, మీరు కూర్చోండి."

"కూచుంటే నన్ను లేపేదానికి ఇంగొకరు రావాల. నిలబడేదే మేలు నాకి."

నవ్వేశాను. ఆమె కూడా నవ్వింది. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నవ్వు రాదు.

రెండున్నర గంటల తర్వాత లోపలికి పిలిచారు. డాక్టరు తలెత్తలేదు. నా మొహం కంటే ముందు నా చేతిలో ఫోన్ చూశాడు.

"రోజుకి ఎన్ని గంటలమ్మా అది?"

"పని సార్ నాకు. చీరలు అమ్ముతా."

"అదే చెప్తున్నా. మెడ వంచితే నడుం పోతుంది. పెళ్ళై ఎన్నాళ్ళైంది?"

"ఏడాది."

"ఒక బిడ్డ పుడితే ఈ ఆలోచనలన్నీ పోతాయి. బలానికి రాస్తున్నా, వాడు."

"సార్, నేను కింద కూర్చుంటే లేవలేకపోతున్నా."

"ఫోన్ తగ్గించు, లేస్తావు."

గంట కొట్టాడు. తర్వాతి టోకెన్ ఆమె లోపలికి వచ్చేసింది. నా నడుము మీద ఒక వేలైనా పెట్టలేదు ఆయన. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడిచాను. నొప్పికి కాదు, నోరు పెగలనందుకు. బజార్లో ఎవరైనా ఒక మాటంటే నేను రెండంటాను. అక్కడ మాత్రం సరే సార్ అని వచ్చేశాను. చంద్ర వాటర్ బాటిల్ మూత తీసి అందిస్తూ, "ఆ వీడియో తీసేస్తాలే," అన్నాడు.

"తీయొద్దు," అన్నాను. ఎందుకన్నానో తెలీదు. ఏడో పేరు: హిందూపురం డాక్టరు.

అక్టోబరు

బాత్‌రూమ్‌లో కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. అంతే జరిగింది. పడలేదు, జారలేదు. తొడలకు చెప్తే వినలేదు. ఆ కాళ్ళు నావి కావు. ఫోన్ చేతిలో ఉంది, మొగుడు ఎర్రమంచిలో ఉన్నాడు. పావుగంట తర్వాత అరిచాను.

అత్త వచ్చింది. తలుపు కింది సందులోంచి గడియ లాగి, నా చంకల్లో చేతులు పెట్టి, ఒక చేత్తో తనూ గోడ పట్టుకుని లాగింది. ఇద్దరం రొప్పాం.

"ఇరవై నాలుగేండ్లకే ఇట్లయితే ఎట్లమ్మే? నేను లేయడంలే? బాత్‌రూమ్‌లోకి కూడా ఆ ఫోన్ ఏమిటికి?"

అంత సిగ్గులో ఆ మాట వినేసరికి నాకేం మాట్లాడానో గుర్తులేదు. చాలా అన్నాను. వినకూడనివి కూడా విన్నాను. మామ మగ్గం ఆపి గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాడు. మర్నాడు పొద్దున బ్యాగు సర్దుకుని పెనుకొండ అవ్వ దగ్గరికి బయల్దేరాను, ఒక్కదాన్నే.

ధర్మవరం స్టేషన్లో రైలు మెట్టు నా నడుమంత ఎత్తున కనపడింది. కాలు పెట్టాను, ఒళ్ళు లేవలేదు. వెనకనుంచి ఉడికించిన శెనక్కాయలు అమ్మే ఆమె బుట్ట కింద పెట్టి, నా పిరుదుల కింద భుజం ఆనించి, బస్తా ఎక్కించినట్టు ఎక్కించేసింది. "పో తల్లీ," అంది. ఆమె ఎవరో ఏమో. నా దగ్గర ఇంకో లిస్టు కూడా ఉంది. అందులో మొదటి పేరు ఆమెదే, పేరు తెలియకపోయినా.

తనకు బీపీ మాత్రలు రాసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది అవ్వ. నా కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో ఆమె. నేను కూర్చోగానే, "ఆ ఫోన్ పక్కన పెట్టమ్మా," అంది.

నా ఒళ్ళు మండింది. "మీరు కూడానా మేడం?"

"పక్కన పెట్టి, రెండు చేతులూ ఇట్లా గుండెల మీద కట్టుకుని, కుర్చీలోంచి లే."

ప్రయత్నించాను. లేవలేదు. ఆమె లేచి వచ్చి నేల మీద మోకాళ్ళూని, నా కాలు ముందరి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. గది కప్పు ఎగిరిపోయేలా అరిచాను.

"ఎండలో ఎంతసేపుంటావు?"

"ఎండలోనా? నేనెందుకుంటాను?"

అవ్వ అందుకుంది. "దీనికి ఎండంటే దెయ్యం తల్లీ. గొడుగు లేకుంటే గడప దిగదు. నన్ను చూడు, చేనికాడ ఎండి ఎండి కర్రయిపోయినా గానీ ఈపొద్దుకీ బిందె మోస్తాండా."

అవ్వ పేరు లిస్టులో ఎక్కించబోయి ఆగాను. ఆమె ఫోన్ అనలేదు మరి.

రక్తం తీసి పంపారు. మూడో రోజు రిపోర్టు నా ఫోన్‌కే వచ్చింది. విటమిన్ డి: ఏడు. ముప్పై దాటాలని పక్కనే అచ్చేసి ఉంది. మనం తిన్న తిండిలోని కాల్షియాన్ని ఒళ్ళు పట్టుకోవాలంటే ఈ విటమిన్ కావాలట. అది ఎక్కువగా ఒంటికి ఎండ తగిలితేనే తయారవుతుందట. నాకది లేక ఎముకలు మెత్తబడ్డాయి, తొడల్లో బలం పోయింది. "గడప దాటని ఆడవాళ్ళలో చూస్తూనే ఉంటా," అంది డాక్టరమ్మ. "కాన్పులైన వాళ్ళకి ఇంకా కష్టం. నొప్పి అంటే ఇంట్లో ఎవరూ నమ్మరు."

నమ్మరు అన్న మాట దగ్గర నాకు ఏడుపొచ్చింది. అయిదు నెలల్లో నా నొప్పి నిజమని చెప్పిన మొదటి మనిషి ఆమె.

వారానికొక మందు, రోజూ కాల్షియం, పొద్దెక్కాక చేతులకూ కాళ్ళకూ ఎండ. ఇది చదివి మీరే మందుల షాపుకు పోయి కొనుక్కుని రోజూ మింగకండి. ఎక్కువైనా ప్రమాదమేనని ఆమె నాకు రెండుసార్లు చెప్పింది. రక్తం చూపించుకోండి, చెప్పినన్నే వేసుకోండి.

రిపోర్టు ఫోటో ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద ఒక్క అక్షరం రాయలేదు. అందరూ చూశారు. మామ దండం బొమ్మ పెట్టాడు. కాసేపటికి చంద్ర ఫోన్లోంచి అత్త వాయిస్ మెసేజ్ వచ్చింది.

"అందరికీ ఉండేదేలే ఇది. మాకు ల్యావా నొప్పులు? మేం పోయినామా పెనుకొండకి?"

కోపం ఆరిపోకుండా ఉండటానికి ఆ మెసేజ్ రోజూ వినేదాన్ని. అవ్వ ఇంటి వాకిట్లో ఎండలో కూర్చుని, పొయ్యిలోకి కట్టె తోసినట్టు.

డిసెంబరు

ధర్మవరం తిరిగొచ్చాను. నొప్పి సగం తగ్గింది. కోపం రవ్వంత కూడా తగ్గలేదు.

వచ్చిన రెండో రోజు అత్త నా ముందు వరండా మెట్లు ఎక్కుతోంది. చేత్తో మోకాలిని తోసుకుని ఒక మెట్టు, ఆగి ఇంకో మెట్టు. ఒళ్ళు ఇటూ అటూ ఊగుతోంది. ఏడాదిగా రోజూ చూస్తున్న నడకే. ఫోన్ తీసి వీడియో తీశాను. చంద్ర తీసిన నా బాతు వీడియో తెరిచి రెండూ పక్కపక్కన పెట్టాను. చీరలు వేరు, నడక ఒకటే.

జాలి పడ్డానని రాస్తే అబద్ధం. నాకు కలిగింది సంతోషం. దొరికింది అనుకున్నా.

"అత్తా, పెనుకొండ పోదాం. నువ్వూ రక్తం చూపించుకో."

"నాకేం రోగమే? నేనేమన్నా ఫోన్ పట్టుకోనుంటానా?"

"అదే కదా నేను చెప్పేది. నీకు ఫోన్ లేదు. నీ రక్తంలో అంతా బాగుంటే, నాది ఫోన్ వల్లేనని నేనే గ్రూపులో పెడతా. అందరి ముందూ నీ కాళ్ళకి మొక్కుతా."

"అందరి ముందరా?"

"అందరి ముందరా."

"పద అయితే."

గెలవడానికి పోతున్నట్టు మంచి చీర కట్టుకుని వచ్చింది. రైలు మెట్టు దగ్గర మాత్రం నేను వెనకనుంచి భుజం ఆనించాల్సి వచ్చింది.

రక్తం తీసి, నడక చూసి ఎక్స్‌రే కూడా తీశారు; అవ్వ ఇంట్లో ఆగితే మూడో రోజుకు రిపోర్టులు వచ్చాయి. అత్తది నాలుగు.

గ్రూపులో పెట్టాల్సింది ముందే టైపు చేసుకుని ఉన్నాను. పంపడమే మిగిలింది. అప్పుడు డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పెట్టి, తొడ ఎముక పైన సన్నటి గీత చూపించింది.

"ఇది పగులమ్మా. ఎన్నాళ్ళుగా నడుస్తున్నారు దీని మీద?"

"పగులు సంగతి నాకేం తెల్సు తల్లీ. నడుమైతే నా కొడుకు పుట్టినప్పటి సంది ఇంతే."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్తి. సోంబేరి అనిరి. ఇంగ చెప్పలేదు."

సోంబేరి అంటే మా వైపు పనిదొంగ. ఈదిలో అందరికంటే ముందు రాట్నం ముందు కూర్చునే మనిషిని అన్న మాట అది.

కర్ర పట్టుకుని నడవాలి, కింద కూర్చోకూడదు, రాట్నం తిప్పకూడదు, మెట్లు ఎక్కకూడదు, మందులు, ఎండ. అన్నీ రాయించుకుని రైలెక్కాం. కిటికీ పక్కన కూర్చుంది. ఎండ మొహాన పడుతున్నా కొంగు కప్పుకోలేదు. రైలు కదిలాక అంది:

"నీ ఫోన్‌లో ఏందో పట్టీ ఉండాదంట గదా. చంద్ర చెప్పె."

దాచడం నాకు చేతకాదు. "ఉంది. మొదటి పేరు నీదే."

"ఉండనీలే, అన్న్యాను కాబట్టి ఉండాల. కింద మీ మామ పేరు రాయి."

"మామ ఎప్పుడూ ఫోన్ అనలేదు కదా."

"సోంబేరి అన్న్యాడు. ఇరవై ఏడేండ్లు. రాయి."

రాశాను. ఆమె నా భుజం మీదుగా వంగి, సరిగ్గా రాశానా లేదా అని చూసింది. చదవడం రాకపోయినా చూసింది. టైపు చేసిన మెసేజ్ చెరిపేశాను. కోపం పోయి కాదు. ఇప్పుడది ఇంకో వైపు తిరిగింది.

జనవరి

నేను మిద్దె మీదికి పోయి ఎండలో కూర్చోగలను. అత్త మెట్లెక్కకూడదు. మా ఈది ఇరుకు, వాకిట్లో ఎండ పడదు. ఆమెకు ఎండ రావాలంటే ఉన్న దారి ఒక్కటే, కంబళి వెనక కిటికీ.

"మగ్గం గదిలో ఎండనా!" అన్నాడు మామ. "రంగు పోతాది. దారం తెగుతాది. రెండు దినాలు పండుకో, అదే సర్దుకుంటాది."

అత్త మంచం మీద నుంచే అంది: "చీర రంగు పోతే వాపసు తెచ్చి మొగాన కొడ్తారు. నా ఎముక పోతే నన్ను యాడికి వాపసిస్తావు? మా నాయనింటికా?"

మామ మగ్గం దగ్గరికి పోయాడు. కిటికీ తెరవలేదు. అత్త కండెలు చుట్టడం డాక్టరు వద్దన్నందుకే మానేసింది. నేను మాత్రం నా అంతట నేనే ఫోన్ మానేశాను. అల్మారా మీద పెట్టేశాను. "ఫోన్ వల్లే అన్నారు కదా మామా అందరూ. పక్కన పెట్టేశా చూడు."

నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు. చేతులు ఏం చేయాలో తెలీక అత్త నమిలే వక్కపేడు డబ్బా మూత తీస్తూ పెడుతూ కూర్చున్నా. మామ తనే రాట్నం ముందు కూర్చున్నాడు. దారం చిక్కు పడింది. చిక్కు తీయబోతే తెగింది. పక్క గదిలోంచి అత్త, "మెల్లగ తిప్పప్పా, సోంబేరీ," అంది. నేను నోట్లో కొంగు కుక్కుకున్నా.

నాలుగో రోజు మేకులు ఊడుతున్న చప్పుడు. పోయి చూస్తే మామ కంబళి కింద పడేసి పలకలు పీకుతున్నాడు. మగ్గం మీది నేతకు రెండు దుప్పట్లు కప్పేశాడు. "పది నించి పదకొండు," అన్నాడు నా వైపు చూడకుండా. "ఆ గంట మీది. తర్వాత మూసేస్తా."

"అద్దం పెట్టొద్దు మామా. అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు."

"పెట్టను లేమ్మా!"

కుర్చీ తెచ్చి కిటికీ ముందు వేశాడు. అత్త కూర్చుంది. పదకొండయింది. "అయ్యిందా?" అన్నాడు మామ. "ఇంగా చాల్లేదు," అంది అత్త. ఆ రోజు పదకొండున్నరకు గానీ లేవలేదు.

మార్చి

ఏడో పేరు మిగిలింది. పోయిన సోమవారం ఇద్దరం హిందూపురం వెళ్ళాం. టోకెన్ అత్త పేరు మీద తీసుకున్నాం. అదే హాలు, అవే చేతులు, అవే నడుములు.

డాక్టరు తలెత్తకుండానే నా చేతిలో ఫోన్ చూశాడు. నేను నెలల తరబడి అనుకున్నదంతా అనబోయేలోపే, అత్త కర్ర టేబులుకు ఆనించి, రెండు రిపోర్టులూ ఆయన ముందు పరిచింది.

"ఈ పిల్లకి ఫోన్ వల్ల అంటివి గదా సార్. నా చేతిలో ఫోనే ల్యా. మరి నాకెందుకొచ్చె?"

తలెత్తాడు. కాగితాలు చూశాడు. "అందరికీ ఈ టెస్టు రాయలేం కదమ్మా. ఖర్చు."

"ఎండలో ఎంతసేపుంటావని అడిగేదానికీ ఖర్చా?"

ఆయన గంట వైపు చేయి చాపాడు. కొట్టలేదు. మేమే లేచాం. అత్త తలుపు పూర్తిగా తెరిచి, హాల్లో అందరికీ వినపడేలా, "అమ్మల్లారా, ఒగసారి చేతులు కట్టుకోని కుర్చీలోంచి లేయండి చూస్తాం," అంది. కొందరు నవ్వారు. కొందరు లేచారు. లేవలేని వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మొహాలను ఆయన కూడా తలుపులోంచి చూస్తున్నాడు. నాకు కావాల్సింది అదే.

లిస్టులో ఆయన పేరు తీసేయలేదు. పక్కన టిక్కు పెట్టాను.

ఏడుస్తూ కూర్చున్న ఆ మెట్ల దగ్గర అత్తకు చేయి అందించబోయాను.

"తియ్ చెయ్యి," అంది. కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ తనే దిగింది.